‘నా తదనంతరం’ అనని వీలునామా

మా పెదనాన్న వీలునామాని పెద్దకర్మ అయిన మర్నాడు తీశారు. బీరువాలో, పెద్దమ్మ పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవర్లో ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిన పక్కా కాగితం. ఇల్లు పెద్దమ్మకి, ఆమె తరువాత ఇద్దరు కొడుకులకీ చెరిసగం, పొలం కూతురికి. అందరికీ తెలిసిందే. చివరి పేజీలో, సాక్షుల సంతకాలకి కాస్త పైన, ఎవరికీ తెలియని నాలుగు ముక్కలున్నాయి: "నాకు ప్రాణం మీదికొస్తే పెద్దాస్పత్రుల చుట్టూ తిప్పవద్దు. గొట్టాలు వేయించవద్దు. మిషను మీద ఉంచవద్దు. ఇంట్లో, మీ అందరి మధ్యనే పోనివ్వండి."

చదువుతున్న చిన్నన్నయ్య అక్కడ ఆగిపోయాడు. పదిహేడు రోజులు వెంటిలేటర్ మీద ఉంచి, గొంతుకి రంధ్రం పెట్టించి, ఐసీయూ ముందు కుర్చీలో నిద్రపోయి, అడిగిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టింది ఆ చిన్నన్నయ్యే.

పెదనాన్న రాసిన దాంట్లో తప్పేమీ లేదు. రాసిన చోటే తప్పు. మన దగ్గర వీలునామా భాషే చెబుతుంది ఆ సంగతి. డాక్యుమెంట్ రైటర్ ఎవరైనా సరే, అసలు విషయంలోకి వచ్చేసరికి ‘నా తదనంతరం’ అని మొదలెడతాడు. మనిషి పోయాకే ఆ కాగితానికి ప్రాణం వస్తుంది. మనిషి ఉండగా, కానీ నోరు లేనప్పుడు, ఆయన తరఫున మాట్లాడే కాగితం వేరే ఉంది. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. పేరులో ‘విల్’ ఉండబట్టి చాలామంది అది కూడా ఆస్తి కాగితమే అనుకుంటున్నారు. కొందరైతే బతికుండగానే ఆస్తి పంచేయడం అనుకుంటున్నారు. దానికీ ఆస్తికీ ఏ సంబంధమూ లేదు.

ఏది ఎప్పుడు మాట్లాడుతుంది

ఇంట్లో ఉండే కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఒక్కోదాన్నీ ఒకటే ప్రశ్న అడగండి: నువ్వు ఎప్పుడు పనిచేస్తావు? వీలునామా నేను పోయాక. గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, ఇవాళే, రిజిస్ట్రేషన్ అయిన క్షణం నుంచే. జీపీఏ, అంటే నా తరఫున పనులు చూడమని ఇచ్చే జనరల్ పవరాఫ్ అటార్నీ, నేను తెలివితో ఉన్నంతకాలం. నామినేషన్ నేను పోయాక, అదీ ఫలానా ఖాతా వరకే. లివింగ్ విల్ ఈ నాలుగూ పలకని చోట పలుకుతుంది. అంటే బాగుపడే ఆశ లేని జబ్బులో, నా వైద్యం గురించి నేను చెప్పుకోలేని స్థితిలో. స్పృహలో ఉండి, డాక్టరు చెప్పేది అర్థం చేసుకుని జవాబివ్వగలిగితే లివింగ్ విల్ కూడా నోరు మూసుకోవాల్సిందే. అప్పుడు నా మాటే చెల్లుతుంది.

ఇక దీనికి చట్టబలం ఎక్కడిది? పార్లమెంటు చేసిన చట్టం లేదు. ముంబై కేఈఎం ఆస్పత్రిలో అప్పటికి ముప్పై ఏడేళ్ళుగా మంచానపడి ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో, 2011లో సుప్రీంకోర్టు మొదటిసారి తలుపు కాస్త తెరిచింది. ఆమెకి ఆహారం ఆపడానికి ఒప్పుకోలేదు గానీ, బతుకుతారన్న ఆశ లేనివాళ్ళకి వైద్యం ఆపడాన్ని హైకోర్టు అనుమతితో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ‘కామన్ కాజ్’ అనే సంస్థ 2005లో వేసిన కేసులో 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల ధర్మాసనం లివింగ్ విల్‌ని గుర్తించింది. గౌరవంగా చనిపోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. అయితే ఆ తీర్పు పెట్టిన పద్ధతి ఎంత చిక్కుగా ఉందంటే, మేజిస్ట్రేట్ గారి ఎదురు సంతకం ఉంటే తప్ప కాగితం చెల్లదు. కోర్టుకి వెళ్ళి ‘నేను చచ్చిపోయేటప్పుడు...’ అని ఎవరు మొదలెడతారు? దాంతో అది పుస్తకాల్లోనే ఉండిపోయింది. 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం.జోసెఫ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ నిబంధనల్ని సడలించింది. ఇప్పుడు మనకి కావాల్సింది ఆ సడలించిన పద్ధతే.

పక్కపక్కన పెట్టి చూస్తే

రెంటికీ ఇద్దరు సాక్షులు కావాలి. రాయించే పద్ధతిలో పోలిక అక్కడితో ఆఖరు.

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ మన ఇష్టం. నోటరీ ముద్ర వేయిస్తే బలం వస్తుందని మన ఊళ్ళల్లో గట్టి నమ్మకం. కానీ భారత వారసత్వ చట్టం 63వ సెక్షను అడిగేది సాక్షుల సంతకాలనే, నోటరీని కాదు. రేపు తగాదా వచ్చి కోర్టుకెక్కితే, బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరిని బోనెక్కించాలి. అందుకే మనకంటే వయసులో చిన్నవాళ్ళని సాక్షులుగా పెట్టుకోమంటారు పాతకాలపు ప్లీడర్లు. మంచి మాట.

లివింగ్ విల్‌కి సరిగ్గా తిరగేసి. రిజిస్ట్రేషన్ ప్రసక్తే లేదు గానీ, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాక నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ధ్రువీకరించాలి. బలవంతం లేకుండా, అర్థం చేసుకునే రాశారని ఆయన నమోదు చేయాలి. గెజిటెడ్ ఆఫీసర్ అంటే కలెక్టరేట్‌కే పోనక్కర్లేదు. హైస్కూల్లో గెజిటెడ్ హెడ్మాస్టరు ఉంటే ఆయనా సరిపోతారు. సాక్షులు వీలైనంతవరకు సంబంధం లేనివాళ్ళై ఉండాలని కోర్టు మాట. నన్నడిగితే, ఆస్తిలో వాటా వచ్చే వాళ్ళెవరినీ ఆ కాగితం దరిదాపులకి సాక్షిగా రానివ్వకండి. రేపు ఎవరో ఒక ఆడపడుచు ‘ఇల్లు త్వరగా చేతికి రావాలనేగా’ అన్న మాట అనకుండా ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద తేడా మాత్రం దాచుకోవడంలో ఉంది. వీలునామాని గుట్టుగా ఉంచుకోవచ్చు. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సీలు కవర్లో దాచే వీలు కూడా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇచ్చింది. పిల్లల్లో ఎవరికెంత అన్నది ముందే తెలిస్తే ఇంట్లో అన్నం సహించదని మన పెద్దవాళ్ళ భయం, అందులో నిజం లేకపోలేదు. లివింగ్ విల్‌ని దాచారా, అది లేనట్టే. ఒక ప్రతి, మీ తరఫున మాట్లాడమని అందులో మీరు పేరు రాసినవాళ్ళకి, ఒకటి మీ ఫ్యామిలీ డాక్టరు ఉంటే ఆయనకి, ఒకటి మీ మున్సిపాలిటీ, కార్పొరేషన్ లేదా పంచాయతీలో దీన్ని భద్రపరిచే అధికారికి వెళ్ళాలి. కౌంటర్లో ‘ఇదేం కాగితమండీ’ అని తెల్లమొహం వేసినా ఆశ్చర్యపోకండి. ఇన్‌వార్డులో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. లేదా అందినట్టు రుజువొచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. డిజిటల్ హెల్త్ రికార్డులో కూడా పెట్టుకోవచ్చని 2023 తీర్పు చెప్పింది. గోవాలో మొదటి లివింగ్ విల్ నమోదు చేయించుకున్నది అప్పట్లో బాంబే హైకోర్టు జడ్జిగా ఉన్న జస్టిస్ ఎం.ఎస్.సోనక్, 2024లో. జడ్జి గారే ముందు నడిచారు కాబట్టి మనం సిగ్గుపడక్కర్లేదు.

రెండూ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. రెంటిలోనూ ఆఖరున రాసిందే చెల్లుతుంది.

కాగితం ఉంది కదా అని డాక్టరు వెంటనే మిషను తీసేయడు, తీయకూడదు కూడా. ముందు అది అసలుదేనా అని చూస్తారు. తరువాత వైద్యం చేస్తున్న డాక్టరూ, కనీసం ఐదేళ్ళ అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులూ కలిసిన మొదటి బోర్డు చూడాలి. వాళ్ళు సరేనన్నాక రెండో బోర్డు. అందులో జిల్లా వైద్యాధికారి నియమించిన ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు ఉంటారు. ఒక్కో బోర్డూ 48 గంటల్లో తేల్చడం మంచిదని కోర్టు చెప్పింది. మీరు పేరు రాసినవాళ్ళ సమ్మతి కావాలి. అమలు చేసే ముందు ఆస్పత్రి మేజిస్ట్రేట్‌కి తెలియజేయాలి. బోర్డు కాదంటే హైకోర్టుకి వెళ్ళొచ్చు. ఇంత తతంగం ఉంది కాబట్టే, ఆస్తి కోసం ఎవరో గొట్టం పీకించేస్తారన్న భయం పెట్టుకోనక్కర్లేదు.

జీపీఏ ఉందిగా?

ఈ మాట కనీసం పదిమంది నోట విన్నాను. ‘మా అబ్బాయికి జీపీఏ ఇచ్చేశానండి, అన్నీ వాడే చూసుకుంటాడు.’ స్థలం పనులకీ, కరెంటు మీటరుకీ, బ్యాంకుకీ ఇచ్చిన ఆ జీపీఏ, తండ్రి కోమాలోకి వెళ్ళిన రోజే చల్లబడిపోతుంది. ఇచ్చినవాడు చనిపోయినా, మతి తప్పినా ఏజెన్సీ ముగుస్తుందని కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షను. సరిగ్గా అవసరమైన రోజునే అక్కరకు రాదన్నమాట. తరువాత ఆయన ఆస్తి మీద చెయ్యి వేయాలంటే, సంరక్షకులుగా నియమించమని హైకోర్టు మెట్లెక్కాలి. కోమాలో ఉన్నవాళ్ళ విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలే ఇవ్వాల్సి వచ్చింది.

ఈ అపోహ చాలావరకు అమెరికా నుంచి దిగుమతి అయ్యింది. అక్కడ ‘డ్యూరబుల్’ పవరాఫ్ అటార్నీ ఉంటుంది, అది స్పృహ తప్పాక కూడా నడుస్తుంది. వైద్యానికి విడిగా హెల్త్‌కేర్ ప్రాక్సీ ఉంటుంది. మనకి ఆ పద్ధతి లేదు. మనకున్నదల్లా లివింగ్ విల్‌లో రాసే సంరక్షకుల పేర్లు. వాళ్ళకి వైద్యం గురించి మాట్లాడే అధికారం వస్తుంది, ఆస్తిలో పైసా రాదు. ఐసీయూ బిల్లులకి ఇబ్బంది రాకూడదంటే జీపీఏ కంటే, భార్యాభర్తల పేర్ల మీద, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ ఖాతాలో నాలుగు నెలల ఖర్చు ఉంచుకోవడం మేలు.

నామినీ, గిఫ్ట్ డీడ్

వీటి గురించి క్లుప్తంగానే. నామినీ సాధారణంగా సొమ్ము అందుకునేవాడే గానీ యజమాని కాదు. బీమా విషయంలో 1984లోనూ, షేర్ల విషయంలో 2023 డిసెంబరులోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే లెక్క వేరు. బ్యాంకు ఖాతాకి ఇప్పుడు నలుగురిదాకా నామినీలని పెట్టుకోవచ్చు, 2025 నవంబరు 1 నుంచి. వీలునామాలో ఒక పేరు, నామినేషన్లో ఇంకో పేరు ఉంటే గొడవ ఖాయం, సరిచూసుకోండి.

గిఫ్ట్ డీడ్ అంటే నాకు భయం. రాయించి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. ‘నన్ను పోషించాలి’ అన్న షరతు రాసి ఉంటే 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద రద్దు చేయించుకోవచ్చు. అదీ ట్రిబ్యునల్ చుట్టూ తిరిగాక. ఒంటరిగా ఉండే తల్లులు ఇల్లు రాసిచ్చేసి, తరువాత ఆ ఇంటి వరండాలో బతకడం నేను చూశాను. ఎవరెంత బతిమాలినా వీలునామా రాయండి, గిఫ్ట్ డీడ్ రాసే ముందు ఒక ఏడాది ఆగండి. ముస్లిం కుటుంబాలకి వసీయత్ నియమాలు వేరు. వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకి మించి రాయలేరు. లివింగ్ విల్ మాత్రం ఏ మతం వాళ్ళకైనా ఒకటే.

లామా సంతకం

లివింగ్ విల్ లేనివాళ్ళ ఇళ్ళల్లో ప్రస్తుతం జరుగుతున్నది ఏమిటో చెప్పకుండా ఈ పోలిక పూర్తికాదు. రెండు వారాలు గడుస్తాయి. డబ్బులైపోతాయి, ఆశ అయిపోతుంది. ‘తీసుకెళ్ళిపోతాం’ అంటారు. ఆస్పత్రి ఒక ఫారం ఇస్తుంది: డాక్టరు సలహాకి విరుద్ధంగా తీసుకెళ్తున్నాం, ఏం జరిగినా మాదే బాధ్యత. ఐసీయూ భాషలో దాన్ని ‘లామా’ అంటారు. అంబులెన్సులో ఒక అబ్బాయి, చేత్తో ఊపిరందించే అంబూ బ్యాగు నొక్కుతూ కూర్చుంటాడు. ఇంటికొచ్చాక అతను గొట్టం తీసి వెళ్ళిపోతాడు. ఆ తరువాతి గంటలు ఆ ఇంటివాళ్ళు జీవితాంతం మరచిపోరు. నొప్పికి మార్ఫిన్ లేదు, ఆయాసానికి మందు లేదు, చెప్పే డాక్టరు లేడు.

లివింగ్ విల్ దారిలో మిషను ఆపినా మనిషిని వదిలేయరు. నొప్పి తగ్గించే వైద్యం, శుభ్రం, పక్కన మనుషులు ఉంటారు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఇలా బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, చివరి రోజుల్లో చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది. రాసేటప్పుడే ‘నొప్పి, ఆయాసం తగ్గించే మందులు మాత్రం చివరిదాకా ఇవ్వాలి’ అని ఒక వాక్యం చేర్చండి. నా దృష్టిలో మొత్తం కాగితంలో అతి ముఖ్యమైన వాక్యం అదే.

కాగితం లేకపోయినా దగ్గరి బంధువుల సమ్మతితో ఇదే రెండు బోర్డుల పద్ధతిలో వైద్యం ఆపడానికి తీర్పు అవకాశమిచ్చింది. అయితే అప్పుడు ఆ నిర్ణయం బరువంతా కొడుకు మీదో భార్య మీదో పడుతుంది. పెద్దమ్మ ఆ పదిహేడు రోజులూ ఒక్కటే అడిగేది: ‘ఆయనైతే ఏమనేవారో?’

ఇది దేనికి పనికిరాదు

ఇంజెక్షను ఇచ్చి చంపమని రాస్తే చెల్లదు. అది మన దేశంలో నేరమే. 2004లో కండరాల క్షీణతతో హైదరాబాదు ఆస్పత్రిలో ఉన్న వెంకటేశ్ అనే యువ చదరంగ క్రీడాకారుడు, ప్రాణం పోకముందే తన అవయవాలు తీసి వేరేవాళ్ళకి ఇవ్వాలని తల్లి ద్వారా హైకోర్టుని అడిగించాడు. కోర్టు ఒప్పుకోలేదు. లివింగ్ విల్ వచ్చాక కూడా అది కుదరదు. అవయవదానానికి 1994 నాటి చట్టం వేరే ఉంది, ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. బ్రెయిన్ డెత్ అయ్యాక ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే అవయవాలు తీస్తారు, కార్డు ఒక్కటే చాలదు. మానసిక వైద్యం గురించి ముందే రాసుకునే కాగితం మరొకటుంది. అది 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కిందిది, దీంతో కలపకండి.

ఎవరి పేరు రాయాలి

కాగితం రాయడం ఒక పూట పని. ఈ పేరు తేల్చుకోవడానికే నెలలు పడుతుంది. ఒకరికంటే ఎక్కువమందిని రాయొచ్చని 2023 తీర్పు చెప్పింది, అది మన కుటుంబాలకి మంచి వెసులుబాటు. మన అలవాటు పెద్దకొడుకు పేరు రాయడం. పెద్దకొడుకు డాలస్‌లో ఉంటాడు. విమానం దిగి వచ్చేసరికి మూడు రోజులు. ఇన్నేళ్ళు దగ్గర లేనన్న బాధతో వచ్చి ‘ఏది ఉంటే అది చేయండి, డబ్బు గురించి ఆలోచించకండి’ అంటాడు. దూరాన ఉన్నవాడి ప్రేమ అలాగే ఉంటుంది, తప్పుపట్టలేం. రెండు గంటల్లో ఆస్పత్రికి చేరగలిగే మనిషి, డాక్టరు కళ్ళలోకి చూసి మాట్లాడగలిగే మనిషి, బంధువులు నాలుగు మాటలన్నా నిలబడగలిగే మనిషి కావాలి. రక్తసంబంధం కంటే ఆ మూడే నేను చూస్తాను. దూరాన ఉన్నవాళ్ళకి ప్రతి పంపి, వీడియో కాల్లో ఒకసారి గట్టిగా చదివి వినిపించండి.

అమెరికా వెళ్ళి ఆరు నెలలు, ఇక్కడ ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలకి ఒక హెచ్చరిక. అక్కడ ఆస్పత్రిలో చేరగానే అడ్వాన్స్ డైరెక్టివ్ (లివింగ్ విల్ లాంటి కాగితమే) ఉందా అని అడుగుతారు, 1990లో వచ్చిన చట్టం వల్ల. అక్కడ సంతకం పెట్టిన ఫారం ఇక్కడి నోటరీ, సాక్షుల లెక్కకి సరిపోతుందనుకోకండి. రెండు దేశాల్లో రెండు కాగితాలు రాయండి, రెంటిలో మాట ఒకటే ఉండేలా చూసుకోండి. అన్నట్టు అక్కడ ‘లివింగ్ ట్రస్ట్’ అని ఇంకొకటుంది. అది పూర్తిగా ఆస్తిది. పేరు చూసి మోసపోకండి.

దేంతో మొదలెట్టాలి

పెళ్ళికాని ముప్పై ఏళ్ళ ఉద్యోగికి నామినేషన్లు సరిచూసుకోవడం, లివింగ్ విల్ చాలు. బైకు ప్రమాదాలకి వయసుతో పని లేదు. పిల్లలు చిన్నవాళ్ళైతే వీలునామా ముందు, అందులో పిల్లల సంరక్షకుల పేరు తప్పనిసరి. అరవై దాటితే రెండూ ఒకే వారంలో రాయండి, కానీ రెండు వేర్వేరు కాగితాల్లో. మతిమరుపు మొదలైందని అనుమానమొస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. తెలివి చక్కగా ఉన్నప్పుడు రాసినదే చెల్లుతుంది, రెంటికీ. ఆ రోజు డాక్టరు దగ్గర మానసిక స్థితి బాగుందని ఒక సర్టిఫికెట్ తీసుకుని జతచేస్తే మరీ మంచిది.

భాష గురించి ఒక మాట. ‘నన్ను హింసపెట్టొద్దు’ అని రాస్తే డాక్టరు ఏం చేయాలి? దేన్ని వద్దంటున్నారో పేరు పెట్టి రాయండి: వెంటిలేటరు, గుండె ఆగితే ఛాతీ నొక్కడం, డయాలసిస్, ముక్కులోంచి ఆహారపు గొట్టం. ఏ స్థితిలో వద్దో కూడా రాయండి. న్యుమోనియా వచ్చి నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి లేచి కూర్చునేవాళ్ళు బోలెడుమంది, దాన్ని వద్దనకండి. తెలుగులో రాసి పక్కనే ఇంగ్లీషులో కూడా రాయండి. బెంగుళూరు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరుకి తెలుగు రాకపోవచ్చు.

పెద్దమ్మ పోయిన శ్రావణంలో తన కాగితం రాసింది. ఇద్దరు కొడుకుల్ని పక్కన పెట్టి, విజయవాడలో ఉన్న చిన్నకోడలి పేరు రాసింది, రెండో పేరు నాది. హైస్కూలు హెడ్మాస్టరు సంతకం పెడుతూ ‘ఆలోచించారా అమ్మా’ అంటే, ‘పదిహేడు రోజులు ఆలోచించాను నాయనా’ అంది. ఇప్పుడా కాగితం పట్టుచీరల కింద లేదు. హాల్లో క్యాలెండరు మేకుకి వేలాడే సంచిలో, హెల్త్ ఇన్సూరెన్సు కార్డుతో పాటు ఉంది. గ్యాసు అబ్బాయి వచ్చినా కనిపిస్తుంది.